ఊదితే తెలిసేది

పారిస్‌లోని బ్లాంష్ మెట్రో స్టేషన్ మెట్లెక్కి పైకి రాగానే మూలాన్ రూజ్ ఎర్ర గాలిమర. దాని ముందు ఫోటోలు దిగేవాళ్ళని తప్పించుకుని ఉత్తరానికి తిరగండి. పైకెక్కుతున్న ఆ వీధే ర్యూ లెపిక్. మొదట్లో అంతా తిండి సందడి: రొట్టెలు, జున్ను, చేపలు. 15వ నంబరు దగ్గర 'అమెలీ' సినిమాలో కనిపించే కాఫీ హోటలు. ఇంకాస్త పైకి వెళ్ళాక వీధి ఎడమకి మళ్ళి, వంకర తిరుగుతూ కొండెక్కుతుంది. మోన్‌మార్త్ర్ పెద్ద కొండేం కాదు. అయినా భుజాన క్లారినెట్ పెట్టె ఉంటే కొంచెం ఆయాసం వస్తుంది. అది పూర్తిగా తగ్గేదాకా దేన్నీ ఊదకండి. ఈ పూట తూకం వేయబోయేది మీ ఊపిరినే.

54వ నంబరు దగ్గర కొందరు తలెత్తి చూస్తూ నిలబడి ఉంటారు. 1886 నుంచి 1888 దాకా చిత్రకారుడు వాన్ గో తన తమ్ముడు తెయోతో కలిసి ఆ ఇంట్లో ఉన్నాడు. మీరు వాళ్ళని దాటుకుని ఇంకొక్క గుమ్మం ముందుకు వెళ్ళాలి. 56. వాన్‌డోరెన్. పారిస్ ఒపేరాలో క్లారినెట్ వాయించే ఎజెన్ వాన్ డోరెన్ 1905లో రీడ్లు, అంటే ఊదితే అదిరి శబ్దం పుట్టించే సన్నటి బద్దలు, చేయడం మొదలుపెట్టాడు. కొడుకు రోబేర్ హయాంలో, 1935లో, వ్యాపారం ఈ చిరునామాకి వచ్చింది. మనవడు బెర్నార్ బీ45 అనే మౌత్‌పీస్‌ని తయారుచేశాడు. క్లారినెట్ నేర్చుకునేవాళ్ళ పెట్టెలు ప్రపంచంలో ఎక్కడ తెరిచినా అది కనిపించే అవకాశం ఎక్కువ. మీ పెట్టెలో ఉన్నదీ అదే అనుకుందాం.

కొత్త మౌత్‌పీస్ ఎంచుకునే పనికి పక్కన ఇంకొక మనిషి ఉండాలి. సంగీతం చదువుకున్న స్నేహితుడు వద్దు, అతను మోడల్ పేరు చూసి అభిప్రాయం చెబుతాడు. బావమరిది అయితే బాగా పనికొస్తాడు. మొహమాటపడడు. మీవాడికి ఈ ఊళ్ళోనే ఉద్యోగం. క్లారినెట్ గురించి అతనికి తెలిసిందల్లా సొంతూళ్ళో పెళ్ళి ఊరేగింపుల్లో బ్యాండు మేళం వాళ్ళు వాయించిన సినిమా పాటలు. మంచిదే. ఆ వాయిద్యాన్ని అతను వీధిలో, పది గజాల దూరం నుంచి విన్నాడు. మీరు వాయించేదాన్ని మీరెప్పుడూ అలా వినలేదు, వినలేరు కూడా. ఎందుకో కాసేపట్లో తెలుస్తుంది.

కౌంటరు దగ్గర ముందు మీ సంగతి చెప్పాలి. ఇప్పుడు దేని మీద వాయిస్తున్నారు, ఏ రీడ్, ఎంత గట్టిది, ఎలాంటి సంగీతం. దాన్నిబట్టి కొన్ని ముక్కలు మీ ముందుకి వస్తాయి. అన్నీ నల్లవే, దూరం నుంచి చూస్తే అన్నీ ఒకటే. వాటిని పట్టుకుని వాయించి చూసే గదిలోకి నడవండి. తలుపు మూశారు. బావమరిది కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఆ కుర్చీని గోడ వైపు తిప్పమనండి.

"గోడ చూస్తూ కూర్చోవడమేంటి బావా?"

"ఏది వాయిస్తున్నానో నీకు కనపడకూడదు."

వాయించే ముందు ఒకదాన్ని వెలుతురు వైపు పట్టుకుని చూడండి. మధ్యవేలంత పొడుగు. ఎబొనైట్‌తో చేసింది, అంటే గంధకం బాగా కలిపి ఉడికించి గట్టిపరిచిన రబ్బరు. అరచేతిలో గట్టిగా రుద్దితే గంధకం వాసన తగులుతుంది. పైవైపు ముక్కులా ఏటవాలుగా దిగుతుంది, పైపళ్ళు ఆనేది అక్కడ. తిప్పి చూస్తే కిందివైపు సన్నటి పొడవాటి కిటికీ. కిటికీకి అటూ ఇటూ రెండు అంచులు, కొసన వాటిని కలిపే సన్నటి అడ్డ అంచు. కిటికీ కింద చదునైన పీట. రీడ్ ఆ పీట మీద పడుకుంటుంది. అయితే అంచులు చివరిదాకా తిన్నగా సాగవు. మధ్యలో ఒకచోట మొదలై, కంటికి ఆనీ ఆననట్టుగా, రీడ్ నుంచి దూరంగా వంగుతాయి. కొసకి వచ్చేసరికి రీడ్‌కీ అంచుకీ మధ్య ఒక సందు మిగులుతుంది. క్లారినెట్ శబ్దమంతా ఆ సందు తెరుచుకుని మూసుకోవడంలోనే పుడుతుంది.

ఆ సందుకి ఒక అంకె ఉంది. బీ45కి 119.5. అంటే మిల్లీమీటరుని వంద భాగాలు చేస్తే అందులో 119.5 భాగాలు, 1.195 మిల్లీమీటర్లు. మీ ముందుకొచ్చిన వాటిలో ఎం30కి 115. 5ఆర్వీ లైర్‌కి 109. మొదటిదానికీ చివరిదానికీ మధ్య తేడా మామూలు జిరాక్స్ కాగితం మందమంతే. బావమరిదికి ఈ సంగతి చెబితే నవ్వుతాడు. నవ్వనివ్వండి.

ముందు మీదే బయటికి తీయండి. రోజూ వాయిస్తున్నది ఎలా ఉందో గుర్తుచేసుకోకుండా కొత్తది పట్టుకుంటే పోలికకి ఆధారం ఉండదు. రీడ్‌ని నాలుక మీద తడిపి పీట మీద పెట్టండి. కొస, అంచు కలిసేలా సర్దండి, వెంట్రుకవాసి కిందికైనా ఫరవాలేదు. రీడ్‌ని పట్టి ఉంచే పట్టీ, లిగేచర్, తొడిగి మరలు బిగించండి, మరీ బిగించొద్దు. ఇప్పుడు మౌత్‌పీస్ అడుగు కన్నాన్ని అరచేత్తో మూసి, కొస నోట్లో పెట్టుకుని గాలి లోపలికి పీల్చి, నోరు తీయండి. రీడ్ అతుక్కుపోయి, ఒక క్షణం ఆగి, టప్‌మని విడిచిందా? బాగుంది. వెంటనే విడిచేస్తే ఎక్కడో గాలి కారుతోందన్నమాట: రీడ్ వంకర పోయి ఉండాలి, లేదా ఏళ్ళ తరబడి పీట అరిగి ఉండాలి. అరుగుతుందా అంటే అరుగుతుంది. గుడ్డని రోజూ ఇందులోంచి లాగి తుడిచేవాళ్ళ మౌత్‌పీస్‌లు ఇంకా త్వరగా అరుగుతాయి.

మీ బీ45 మీద మోత్సార్ట్ కన్‌చెర్టో రెండో భాగం ఎత్తుకోండి. 1791లో, చనిపోయే ఏడాది, స్నేహితుడు ష్టాడ్లర్ కోసం మోత్సార్ట్ రాసింది. పరీక్షకి ఇంతకన్నా మంచిది లేదు. నెమ్మదిగా, చిన్న గొంతుతో మొదలవుతుంది. దాక్కోవడానికి చోటుండదు. పెదవి ఎక్కడ బిగుస్తోందో, స్వరం పలకడానికి ముందు గాలి ఎంతసేపు వృథా పోతోందో గమనించండి. బావమరిది ఇంకా ఏమీ అనలేదు.

ఇక 5ఆర్వీ లైర్. కొత్తవాటిలో మొదట దీన్నే ఎత్తుకోమనడానికి కారణం ఉంది, తేడా వెంటనే తెలుస్తుంది. అదే రీడ్, అదే పాట. ఊదగానే స్వరం చటుక్కున లేచింది. సన్నగా, అంచులు తేరి, తేటగా ఉంది. "అబ్బ" అనిపించింది కదా? ఇప్పుడు అదే వాక్యాన్ని గట్టిగా వాయించండి. సగంలో శబ్దం నొక్కుకుపోయింది. మీరు ఊదిన గాలి ఒత్తిడికి రీడ్ వెళ్ళి అంచుకి కరుచుకుపోతోంది. సందు చిన్నది, రీడ్ మెత్తనిది. అది ఇంకా గట్టి రీడ్‌ని అడుగుతోంది. కాబట్టి ఇప్పుడే తీర్పు చెప్పకండి. వెడల్పు సందుకి మెత్తని రీడ్, ఇరుకు సందుకి గట్టి రీడ్. ఇది తెలియనివాళ్ళు ఒకే రీడ్‌తో అన్నీ వాయించి, ఆ రీడ్‌కి నప్పిన మౌత్‌పీస్‌ని తమకి నప్పిందనుకుని కొనుక్కుని వెళ్తారు. అలాగని ఒక్కొక్కదానికీ ఒక్కో కొత్త రీడ్ మారిస్తే ఏ తేడా దేనివల్ల వచ్చిందో తెలియదు. మధ్యేమార్గం ఒకటుంది. ముందు తెలిసిన రీడ్‌తో ఊదండి, అది ఎటు లాగుతోందో చూసి, అర నంబరు పెంచో తగ్గించో మళ్ళీ ఊదండి.

ఈ ఇరుకు సందు దారిలో చాలా దూరం వెళ్ళినవాళ్ళు వియన్నా వాళ్ళు. వాళ్ళ మౌత్‌పీస్‌కి సందు బాగా ఇరుకు, వంపు బాగా పొడుగు, రీడ్ గట్టిది. రీడ్‌ని లోహపు పట్టీకి బదులు దారంతో చుట్టి కట్టే అలవాటు వాళ్ళకీ జర్మన్లకీ ఇప్పటికీ ఉంది. నాదస్వరం పీకని దారం చుట్టి బిగించడం చూసినవాళ్ళకి అదేం వింతగా ఉండదు.

గట్టి రీడ్ పెట్టారు. 5ఆర్వీ లైర్ ఇప్పుడు నిండుగా పలుకుతోంది. కానీ ఒకటి గమనించారా? బూడిద అడ్డుపడ్డ ఊదుగొట్టంతో పొయ్యి ఊదుతున్నట్టుంది. గాలి వెళ్తోంది గానీ వెనక్కి నెడుతోంది. కొందరికి ఆ ఎదురు కావాలి, ఆనుకోవడానికి గోడ దొరికినట్టుంటుందంటారు. మీకు బుగ్గలు నొప్పెడుతున్నాయి.

తర్వాత బీ40. అంకె చూడండి: 119.5. మీ బీ45కి ఉన్నదే. అంకె ఒకటే కాబట్టి శబ్దమూ ఒకటే అయివుండాలి. ఊదండి. ఇది వేరే మనిషి గొంతు. గుండ్రంగా, ముద్దగా, అంచులు కనపడకుండా ఉంది. మళ్ళీ వెలుతురుకి పట్టి, రెంటి కొసలూ పక్కపక్కన చూడండి. బీ40 అడ్డ అంచు వెడల్పు. రీడ్ కొస వచ్చి తట్టే చోటు అదే. అది వెడల్పుగా ఉంటే శబ్దంలో పదును తగ్గుతుంది, స్వరం లేవడం ఒక వాసి ఆలస్యమవుతుంది. సన్నగా ఉంటే చురుగ్గా లేస్తుంది, ఏమరుపాటున కీచుమంటుంది కూడా. ఇంకా లోపల కంటికి సరిగా కనపడనివి చాలా ఉన్నాయి. కిటికీకి ఎదురుగా లోపలి కప్పు ఉంటుంది, దాన్ని లోతుగా తవ్వితే శబ్దం ముదురు రంగు, పైకి ఉంచితే వెలుగు. పక్క గోడలు, లోపలి ఖాళీ వైశాల్యం, కింద కన్నం, ఇవన్నీ పలుకుతాయి. పెట్టె మీద రాసే అంకె వీటిలో ఒక్కదాని గురించే చెబుతుంది. నన్నడిగితే ఆ అంకెల పట్టికని చదివి ఇంట్లో కూర్చుని మౌత్‌పీస్ ఎంచుకోవడమంత దండగ పని లేదు.

"బావా, ఈ మూడోది బాగుంది." గోడ వైపు నుంచి మొదటిసారి మాట. "చిక్కగా ఉంది."

మీకూ అదే అనిపించింది. ఆగండి. మీరు విన్నదీ అతను విన్నదీ ఒకటి కాదు. మీ పైపళ్ళు ఆ నల్లముక్క మీద ఆని ఉన్నాయి. అది అదిరితే పళ్ళు అదురుతాయి, పళ్ళ నుంచి దవడకి, దవడ నుంచి పుర్రె ఎముకల గుండా చెవి లోపలికి. మీరు వినేదాంట్లో ఎముక వంతు చాలా ఉంది. అతనికి చేరేది గదిలో తిరిగి వచ్చిన గాలి ఒక్కటే. నమ్మకం కుదరకపోతే పళ్ళు ఆనే చోట ఒక పల్చటి రబ్బరు బిళ్ళ అంటించి ఊదండి, వాటిని ఇలాంటి కొట్లలోనే అమ్ముతారు. మీకు శబ్దం ఒక్కసారిగా మెత్తబడి, దూరంగా జరిగినట్టుంటుంది. అడగండి అతన్ని.

"ఏం మార్చావ్? నాకేం తేడా లేదే."

బిళ్ళ మీ చెవికి వెళ్ళే దారిని మార్చింది, అతని దారి అలాగే ఉంది. ఇక్కడికి వచ్చేవాళ్ళలో చాలామంది తమ పుర్రెలో మోగేదాన్ని చూసి కొంటారు. వినేవాళ్ళకి అది అందదు.

ఇప్పుడు అతన్ని నిజంగా పరీక్షించండి. బీ40, 5ఆర్వీ లైర్, మీ పాతది, మూడూ కలిపేసి, వరస చెప్పకుండా ఒకే వాక్యం వాయించండి. కాసేపయ్యేసరికి అతనికి గందరగోళం. ఇందాక చిక్కగా ఉందన్నదాన్నే ఈసారి మామూలుగా ఉందంటాడు. తేటగా ఉన్నది ఇందాకటి రెండోదే కదా అంటే, అప్పుడు వాయించింది బీ40. మీరు అలవాటుకొద్దీ దాని ముదురు రంగుని మీ పెదవితో, నాలుకతో, గొంతుతో సవరించేశారు. ఎవరి మౌత్‌పీస్‌నైనా కొన్ని వారాలు వాయిస్తే మీ గొంతు మీకు తిరిగొచ్చేస్తుంది. చెవిలో ఉన్న శబ్దం కోసం నోరు తెలియకుండానే పని చేస్తుంది కాబట్టి.

కానీ అతను మధ్యలో ఒక మాటన్నాడు, అది రాసిపెట్టుకోదగ్గది. "ఇదెలా ఉందో చెప్పలేను గానీ, ఇందాకటిది వాయించేటప్పుడు నువ్వు కష్టపడుతున్నట్టు వినిపించింది." రంగు తేడా అందని చెవికి కష్టం అందింది. స్వరం చివర్లో వణుకు, వాక్యం మధ్యలో దొంగిలించిన ఊపిరి, పైస్థాయికి వెళ్ళే ముందు ఒక తటపటాయింపు. శబ్దం మీ గొంతుకి ఎలాగూ తిరిగొచ్చేదే అయినప్పుడు, ఎంచుకోవాల్సింది ఆ గొంతుకి చేరడానికి మీరు చేసే చాకిరీ ఎంత అన్నది.

ఈ లెక్కన మళ్ళీ మొదలుపెట్టండి. ఈసారి ఎం30. సందు 115, బీ45 కన్నా మిల్లీమీటరులో వందకి నాలుగున్నర వంతులు తక్కువ. వంపు మాత్రం పొడుగు. అంటే రీడ్ ఇంకాస్త కిందినుంచే ఊగడం మొదలుపెడుతుంది. శబ్దాన్ని వినొద్దు. మెండెల్‌సోన్ 'మిడ్‌సమ్మర్ నైట్స్ డ్రీమ్' స్కెర్‌ట్సో ఎత్తండి, నాలుక ఎగిరెగిరి పడే చిన్న చిన్న స్వరాలు, అదీ మెల్లగా. ప్రతి తట్టుకీ స్వరం లేస్తోందా, కొన్ని నోట్లోనే ఆగిపోతున్నాయా? తర్వాత గెర్ష్విన్ 'రాప్సడీ ఇన్ బ్లూ' మొదట్లో వచ్చే ఆ జారుడు. 1924లో రిహార్సల్లో రాస్ గోర్మన్ సరదాకి జార్చి వాయిస్తే గెర్ష్విన్ అలాగే ఉంచమన్నాడు. ఇరుకు మౌత్‌పీస్ మీద, గట్టి రీడ్‌తో, ఆ జారుడు మెట్లు మెట్లుగా విరుగుతుంది. ఎం30 మీద సాగింది.

ఇంకొక పరీక్ష ఉంది, ఈ గదిలో ఎవరూ తరచు వాయించనిది. తోడి రాగం. గాంధారం మీద నిలబడి ఊపండి. తంబురా లేదు, ఫోన్లో శ్రుతి పెట్టుకోండి. కర్ణాటక సంగీతాన్ని క్లారినెట్ మీద కచేరీ స్థాయికి తెచ్చిన ఏ.కే.సీ. నటరాజన్‌కి 2022లో పద్మశ్రీ వచ్చింది. ఆయన బాణీలో గమకంలో ఎక్కువ పని వేళ్ళ కింద సగం మూసిన కన్నాల మీదే జరుగుతుంది, అయినా పెదవి సాయం లేకుండా కుదరదు. మౌత్‌పీస్ ఇచ్చే స్వేచ్ఛ అక్కడ తెలుస్తుంది. 5ఆర్వీ లైర్, గట్టి రీడ్: గాంధారం కదలదు, మొండిగా తన చోటే నిలబడుతుంది. సింఫనీలో కూర్చునేవాడికి అది వరం. మీ పాత బీ45: కావలసినంత కదులుతుంది, ఆ కదిలిన చోట నిలబెట్టడానికే పెదవి నలుగుతుంది. ఎం30: కదులుతుంది, నిలుస్తుంది.

బావమరిది వెనక్కి తిరిగాడు. ఇది ఒప్పందంలో లేదు.

"మా ఊళ్ళో సన్నాయాయన వాయించేవాడు ఇది."

తిరిగాడు కాబట్టి ఇక అతని పని అయిపోయింది. మిగిలింది శ్రుతి. క్లారినెట్ మిగతా గాలి వాయిద్యాల్లా నడవదు. వేణువు గట్టిగా ఊదితే షడ్జం పై షడ్జమవుతుంది. క్లారినెట్ గొట్టం ఒక వైపు మూసుకున్నట్టు ప్రవర్తించడం వల్ల, బొటనవేలి మీట నొక్కితే షడ్జం పై స్థాయి పంచమానికి ఎగురుతుంది. ఆ కింది స్వరానికీ పై స్వరానికీ మధ్య దూరం సరిగ్గా ఉండాలి, దాన్ని చెడగొట్టే శక్తి మౌత్‌పీస్ లోపలి ఖాళీకి ఉంది. ట్యూనర్ ఎదురుగా పెట్టుకుని, సూది వైపు చూడకుండా వాయించి, ఆ తర్వాత చూడండి. చూస్తూ వాయిస్తే పెదవి మోసం చేస్తుంది. కింది స్వరం, మీట, పై స్వరం. మళ్ళీ ఇంకోటి. గొంతు భాగంలో ఉండే జీ, ఏ, బీ ఫ్లాట్ ఎలాగూ ప్రతి క్లారినెట్‌లోనూ బలహీనమే. అవి మరీ ఎగిరిపోకుండా ఉంటే చాలు.

ఎం30 సూది కుడివైపుకి వాలుతోంది. కంగారు పడకండి. ఇక్కడి వాయిద్యకారులు 'ఏ' అనే స్వరాన్ని 442 హెర్ట్జ్ దగ్గర పెట్టుకుంటారు, ఈ మామూలు వరసని దానికే చేస్తారు. మీరు ఇంటి దగ్గర కీబోర్డు పక్కన వాయిస్తారు, అది 440. దాని కోసం ఇదే మోడల్‌కి 13 అనే వరస వేరే ఉంది. అది కావాలని అడగండి. పేరు పక్కన 88 అని కూడా ఉంటే పైన పళ్ళు ఆనే వాలు తక్కువ ఏటవాలుగా ఉంటుంది, నోట్లోకి ఇంకాస్త ఎక్కువ వెళ్తుంది. కొందరికి హాయి, కొందరికి వెగటు.

ఆ మోడల్ అనుకున్నాక కూడా ఒక్కటే తీసుకుని వచ్చేయొద్దు. అదే పేరుతో రెండు మూడు ఇమ్మనండి. యంత్రం ఎంత జాగ్రత్తగా కోసినా ఒకే మోడల్‌లో ముక్కకీ ముక్కకీ కాస్త తేడా పడుతుంది. ఒకటి మెల్లగా ఊదినా తక్షణం పలుకుతుంది. ఇంకోటి ఎంత బతిమాలినా కింది స్వరాల్లో గరగరమంటుంది. మంచిదాన్ని పక్కన పెట్టి, మిగతావి వెనక్కిచ్చేయండి. ఇప్పుడు పెదవులు అలిసిపోయాయి. అలిసిన నోటికి అన్నీ గట్టిగానే ఉంటాయి కాబట్టి ఇంకేదీ కొత్తది ముట్టుకోకండి.

"నాకైతే ఆ చిక్కనిదే నచ్చింది బావా. అదే తీసుకో."

"వాయించేది నేను కదా."

"వినేది మేము కదా."

"రెండు నెలలాగి విను. ఇది కూడా అలాగే ఉంటుంది."

నమ్మలేదు. డబ్బులిచ్చేటప్పుడు రీడ్లు కూడా కొనండి. ఫ్రాన్స్ దక్షిణాన వార్ ప్రాంతంలో, మధ్యధరా సముద్రం పక్కన, రెల్లులా పొడుగ్గా పెరిగే గడ్డి దుబ్బుల్ని శీతాకాలంలో కోసి ఎండబెట్టి చేసినవి. ఎం30కి 3 నంబరు సరిపోయింది, అయినా 2½ పెట్టె కూడా ఒకటి తీసుకోండి. గాలిలో తేమ మారితే రీడ్ మారుతుంది. పారిస్ చలిలో తేలిగ్గా పలికిన 3, మే నెలలో రాజమండ్రి ఉక్కలో ఎలా ఉంటుందో అక్కడ ఊదితేనే తెలుస్తుంది. మౌత్‌పీస్‌ని చన్నీళ్ళతోనే కడగండి. వేడినీళ్ళు పోస్తే ఎబొనైట్ రంగు పోయి ఆకుపచ్చ తిరుగుతుంది, వంపులు కూడా దెబ్బతినొచ్చు. కారు డాష్‌బోర్డు మీద ఎండలో అసలు వదలొద్దు. పాత బీ45 అమ్మకండి, ఎవరికైనా నేర్పేటప్పుడు పనికొస్తుంది.